ఎర్ర జాకెట్టు కుట్లు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సౌభాగ్య ఈ నెల లావెక్కిందో చిక్కిందో తెలియాలంటే మనిషిని చూడక్కర్లేదు, తీగ మీద ఆరేసిన జాకెట్లు చూస్తే చాలు. దర్జీ లోపల వదిలిన మార్జిన్లో మూడు వరసల కుట్లుంటాయి. ఒళ్ళొస్తే ఒక వరస విప్పడం, చిక్కితే మళ్ళీ వెయ్యడం. సూదిపోట్లతో ఆ గుడ్డలు జల్లెడలైపోయి, వాటిల్లో శనగపిండి జల్లించుకోవచ్చని మొగుడు త్రినాథరావు వేళాకోళం.

సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి పస్తు. పస్తున్న మర్నాడు మాత్రం ఆ ముగ్గురు దేవుళ్ళ వాటా తనే తినేది. తగ్గిన ఒళ్ళు వడ్డీతో తిరిగొచ్చేది.

ఇదంతా ఎప్పుడూ ఉన్నదే. కానీ ఆ యేడు బిల్హా లోకల్ రైల్లో పల్లీలవాడు పక్క క్వార్టరు కోమలని "దీదీ" అని, తనని "అమ్మాజీ" అని పిలిచాడు. ఇద్దరిదీ ఒకటే ఈడు! కోమల ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సౌభాగ్య గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఆ కోమల పూటకో పళ్ళెం పకోడీలు తింటుంది, చూస్తే చీపురుపుల్ల. అటు గోడవతల పోపు చిటపటలాడితే ఇటు సౌభాగ్య కడుపు భగ్గుమనేది.

అమ్మవారి పండగకి ఇంకా రెండు నెలలుంది. ఊరేగింపు ముందు అమ్మవారి ఘటం తలకెత్తుకునే ముత్తయిదువని కాలనీకి పెద్దదిక్కైన ముసలి అచ్చియమ్మ ఎంచుతుంది. ఈసారి తన పెళ్ళినాటి ఎర్రపట్టు జాకెట్టు తొడుక్కుని ఆ ఘటం తనే ఎత్తాలి. తను చిక్కాలి, కోమల లావవ్వాలి.

అక్కణ్ణుంచి గోడ మీంచి గిన్నెలు నడిచాయి. సున్నుండలు, బొబ్బట్లు, నేతి గారెలు.

"ఏటి వదినా, రోజూ ఇన్నేసి?"

"తినమ్మా, పుల్లలాగున్నావు. నాకు వొండితేనే కడుపు నిండిపోద్ది."

తను మాత్రం గంజి తాగేది. వేళ్ళకంటిన నెయ్యి నాకకుండా కొంగుకి తుడిచేది. ఆ కొంగు పిండితే అమ్మవారి ముందు అఖండదీపం పండగ దాకా వెలిగేదని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఘటం ఎంచే రోజుకి ఎర్ర జాకెట్టు ఇట్టే పట్టింది, మూడు వరసల కుట్లతో సహా. సౌభాగ్య గాల్లో తేలుతూ వెళ్ళింది. అచ్చియమ్మ ఎగాదిగా చూసింది.

"ఏటే సౌభాగ్యం, ఒంట్లో బాగులేదేటి? దవడలు పీక్కుపోనాయి. రైల్వే ఆస్పత్రికెళ్ళవే!" అని, వెనక్కి తిరిగి, "ఓలమ్మ, కోమలేనా? లచ్చిందేవిలాగ నిండుగున్నావే! ఈయేడు ఘటం నీదే," అంది.

సౌభాగ్య ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. మర్నాడు పొద్దున్నే గోడ మీద కోమల మొహం లేచింది.

"వదినా, నా జాకెట్లేవీ పట్టట్లేదు. నీ ఎర్రది ఇస్తావేటి? కుట్లు విప్పుకుంటాను."

సౌభాగ్య గంజిగిన్నె గట్టిగా తోమసాగింది.

"కాపురానికొచ్చిన కాణ్ణుంచి మా అత్త నన్ను ఎండుపుల్లనే అనీది. నిండా తిన్నా వొంటికంటీది కాదు. నీ చేతులు, నీ బుగ్గలు చూసి ఎంత కుళ్ళుకున్నానో తెలుసా? నిన్ను అమ్మాజీ అన్నాడని ఆరోజు ఆ కుళ్ళుతోటే గదా నవ్వాను. నీ చేతి నెయ్యి నన్ను మనిషిని చేసింది, వదినా."

తన ఒళ్ళు చూసి కుళ్ళుకోడమా! సౌభాగ్యకి ఏడవాలో గర్వపడాలో తెలీలేదు. ఆ ఒళ్ళేమో గంజినీళ్ళలో కరిగి, గోడ దాటి, అదిగో, కోమల బుగ్గల మీద కూర్చుంది.

లోపలికెళ్ళి జాకెట్టు తెచ్చింది. పక్కనే సున్నుండల డబ్బా పెట్టుకుంది. మొదటి వరస లాగేసి ఒక ఉండ నోట్లో వేసుకుంది. రెండో వరసకి ఇంకోటి. మూడో వరస విప్పేసరికి డబ్బా అడుగు కనబడింది.

జాకెట్టు గోడ మీంచి అందిస్తూ, నోట్లో ఉండ ఉండగానే అంది: "పండగవగానే ఉతికిచ్చీ. కుట్లు మాత్రం మళ్ళీ వెయ్యకు."