ద్రౌపది చూపుడు వేలు

కీలు బిగించే వైరు ఒక్కసారి ఎముకలోకి దిగితే ద్రౌపది కుడి చూపుడు వేలు ఇక జన్మంతా అప్పుడున్న వంపులోనే ఉండిపోతుంది. ఎప్పుడో మానిన చీముగడ్డ నడిమి కీలును తినేసింది. మిగిలిన ఎముక రెండో రంధ్రాన్ని తట్టుకోదు. డాక్టర్ నమ్రత డ్రిల్లు అందుకుంది.

ఆమె పెట్టుకున్న కళ్లద్దాల్లో, ద్రౌపది చేతి మీదే ఒక ఆకుపచ్చ చేయి తేలుతోంది. హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టర్ రాజారాం పంపిన బొమ్మ అది. వేలు ఎంత వంచాలో, వైరు ఎటు పోవాలో గీత గీసి చూపిస్తోంది. సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ పక్కనున్న ఈ చిన్న ఆసుపత్రిలో చేతుల సర్జన్ లేడు. నమ్రత ఇలాగే నేర్చుకుంటోంది. కీలు బిగించడం ఆమెకిదే మొదటిసారి.

"నలభై డిగ్రీలు. గీత మీదే పో," స్పీకర్‌లో రాజారాం గొంతు.

మత్తు వేలికి మాత్రమే ఇచ్చారు. ద్రౌపది మెలకువగానే ఉంది. ఆమె నోరు అంతకంటే మెలకువగా ఉంది.

"ఎంత వంచుతున్నవ్ బిడ్డా?"

"గింత, పెద్దమ్మా." నమ్రత తన వేలు వంచి చూపింది.

"గట్లయితే బీడీ మూతి ఎట్ల మడవాలె? గిది పెన్ను పట్టెటోళ్ల వేలు!"

నమ్రత ఆగిపోయింది. ఆమె ఇదే ఊళ్లో, భవాని పేట్‌లో మగ్గాల చప్పుడు మధ్య పెరిగింది. అమ్మ బీడీలు చుట్టడం రోజూ చూసింది. ఏ వేలు ఎంత వంగుతుందో మాత్రం ఎన్నడూ చూడలేదు.

"సార్, నలభై ఈమె పనికి చాలదేమో."

"పుస్తకం చెప్పేదీ అదే. మొదటి కేసులోనే గీత దాటుతావా?"

"ఒక్క నిమిషం చూడండి సార్."

నర్సు శీతల్ ద్రౌపది ఎడమ చేతికి గ్లవ్ తొడిగి, గ్లవ్స్ ప్యాకెట్‌లోని శుభ్రమైన కాగితాన్ని బీడీ ఆకంత కత్తిరించి ఇచ్చింది. నమ్రత కీలును నలభై దగ్గర గట్టిగా పట్టుకుంది.

"చుట్టు పెద్దమ్మా."

కాగితం చుట్టుకుంది. మూతి దగ్గర వేలు అందక విప్పుకుపోయింది. నమ్రత ఇంకొంచెం వంచింది. మళ్లీ విప్పుకుంది. ఇంకొంచెం. ఈసారి మూతి టక్కున మడతపడింది.



"అంత వంచితే చెయ్యి సాఫ్‌గా చాపరాదు పెద్దమ్మా," అంది నమ్రత. "జొన్నరొట్టె కొట్టుడు కష్టమైతది. మళ్ల మార్చరాదు."

ద్రౌపది తల తిప్పి తన కుడి చేతి వంక చూసింది. నలభై ఏళ్లుగా రోజూ పొద్దున్నే పిండి మీద పడిన చేయి అది.

"రొట్టె సిద్ధరాములు కొడ్తడు," అంది చివరికి. "నా పెనిమిటికి రెండు చేతులూ మంచిగున్నయ్. నేర్చుకోనీ. బీడీ చుట్టుడు ఆయనతోని కాదు."

శీతల్ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

"నా గీత తీసేస్తున్నాను," అన్నాడు రాజారాం.

ఆకుపచ్చ చేయి మాయమైంది. కళ్లద్దాల్లో ఇక ద్రౌపది వేలొక్కటే. నమ్రత డ్రిల్లు నొక్కింది. వైరు దిగింది. ఎముక నిలిచింది.

"ఎంతొచ్చింది?"

"యాభై ఐదు సార్."

"రాసుకుంటున్నాను. ఇకనుంచి బీడీలు చుట్టేవాళ్లందరికీ యాభై ఐదే చూపిద్దాం."

"అందరికీ వద్దు సారూ!" ద్రౌపది బల్ల మీదినుంచే కేకేసింది. "మా పక్కింటి యమునాబాయి నడిమి వేలుతోని మడుస్తది. ఆమె వస్తే ముందుగాల ఆమెతోని చుట్టిపియ్యున్రి."

స్పీకర్‌లో, కాగితం మీద రాసింది పెన్నుతో కొట్టేస్తున్న చప్పుడు వినిపించింది.