ఇసుక పడని ఫోటో

నా భార్య శ్రీలత పోయిందన్న కబురు గురువారం పొద్దున వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నానికే నేను పాఠాలు చెప్పే రియాద్ స్కూలు వాళ్లు, ఊరికి పోయి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా తీసి చేతిలో పెట్టారు. ఎక్కవలసిన విమానం రాత్రికి ఉంది. నా ప్రయాణానికి అడ్డేమీ లేదు. అడ్డంతా సదానందానికి.

సదానందం శ్రీలతకు ఒక్కడే తమ్ముడు. వాళ్లకు తల్లిదండ్రులు లేరు. మా వైపు ముత్తైదువ చనిపోతే తల్లిగారింటి చీర కప్పాకే పాడె లేస్తుంది. ఆ చీర పట్టుకొని రావలసినవాడు అతనే. అతనూ నాలాగే రియాద్‌లోనే ఉన్నాడు, ఖర్జ్ ఊరికి పోయే దారిలో ఒక మజ్రాలో, అంటే షేకుల తోటలో, పని చేస్తూ. అతని ఇఖామాకు, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డుకు, గడువు తీరి నాలుగు నెలలైంది.

కబురు చెప్పడానికి ఫోన్ చేస్తే చాలాసేపు కలవలేదు. ఆ మజ్రా పల్లంలో ఉంది. గుట్ట ఎక్కితే తప్ప అక్కడ సిగ్నల్ రాదు. ఆ గుట్ట గురించి ఇక్కడే చెప్పాలి.

అది దేవుడు పెట్టిన గుట్ట కాదు. సదానందం కఫీల్, అంటే అతన్ని వీసా మీద తెప్పించుకున్న యజమాని, చిన్నప్పుడు ఇంగ్లండులో చదువుకున్నాడు. సెలవు దొరికితే అక్కడి కొండల మీద నడిచేవాడట. తిరిగొచ్చి కాంట్రాక్టు పనులు మొదలుపెట్టాక, కట్టే భవనాల పునాదుల్లో తవ్విన మట్టినంతా తన మజ్రాకు తోలించి గుట్టగా పోయించాడు. దాని మీద గడ్డి పరిపించాడు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి నడుమెత్తు గోడ కట్టించాడు. గోడకు గేటు లేదు, దాటడానికి అటొకటి ఇటొకటి కట్టె మెట్లున్నాయి. పైన ఒక బెంచీ. అతిథులు కూర్చునే గదిలో ఒక ఫోటో ఉండేది: ఇంగ్లండులో ఏదో కొండ, గోడ, మెట్లు, పైన బెంచీ, మధ్యలో గడ్డిని చీల్చుకుంటూ సన్నటి కాలిబాట. అన్నీ ఆ ఫోటోలో ఉన్నట్టే కుదిరాయి, కాలిబాట ఒక్కటి తప్ప.

మొదట ఎవరో ఇటుకలు పరిచారు. కఫీల్ పీకించేశాడు. దారి వేయకూడదు, పడాలి అన్నాడు. మనుషులు నడవగా నడవగా గడ్డి అరిగి దానంతట అదే పడాలి. పొద్దునా సాయంత్రం ఒకే గీతన గుట్ట ఎక్కి దిగే పని సదానందానికి అప్పగించాడు. ఒక పక్కకు అడుగు జరగొద్దన్నాడు.

సెలవని శుక్రవారాల్లో అతను రియాద్‌లో మనవాళ్లు ఉండే బతా బజారుకు వచ్చినప్పుడు, అక్కడి గదిలోవాళ్లకు అదే వేడుక.

"మేము బస్తాలు మోస్తే జీతం, నువ్వు తిరుగుతె జీతం," అనేవాడు బాలన్న. బాలన్నది మా పక్క మండలం, కట్టుబడి పని. "మోకాళ్లరిగితే కఫీల్ కొత్తయి ఏపిస్తడారా?"

"మోకాళ్లు గాదన్న, చెప్పులు. అరిగినప్పుడల్లా కొత్త జత ఇస్తడు."

"గట్లనే ఆ దారి మనూరి దాక ఏసుకుంటపో. టికెట్ అడిగెటోడు ఉండడు."

అందరూ నవ్వేవాళ్లు. సదానందం కూడా నవ్వేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ దారి నిజంగానే పడింది. పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉండేది.

శ్రీలత, మా అమ్మాయి సృజన ఇక్కడ నాతో ఉన్న రోజుల్లో ఒకసారి వాళ్లను అక్కడికి తీసుకెళ్లాను. శ్రీలత కట్టె మెట్లు ఎక్కి గోడ దాటి, దారి వెంట పైదాకా నడిచింది. బెంచీ మీద తమ్ముడి పక్కన కూర్చుంది. గోడకు ఇవతలంతా పచ్చదనం, అవతల ఎటు చూసినా ఇసుక. దూరంగా పెద్ద కరెంటు స్తంభాలు, ఒక కాంక్రీటు కలిపే ప్లాంటు. నేను ఫోన్ తీశాను.

"ఇసుక పడకుండ తియ్యుండ్రి," అంది శ్రీలత. "తమ్మీ, జర ఇటు జరుగు. ఆ స్తంభం పడుతున్నది."

"పడితే ఏమైతదక్కా?"

"ముత్యవ్వ పెద్దమ్మకు పంపుత. నా తమ్ముడు ఇసుకల మాడుతలేడని ఎరుక కావాలె వాళ్లకు."

నాతో మూడుసార్లు తీయించి, ఇసుక రేణువు కనపడనిది ఏరి పంపింది. ముత్యవ్వ నాకు పెద్దమ్మ. ఆ ఫోటో ఆమె ఫోన్ నుంచి ఊరంతా తిరిగింది. తర్వాత సదానందం కూడా అదే బెంచీ నుంచి, అదే వైపు నుంచి ఫోటోలు పంపుతూ వచ్చాడు. అక్క నేర్పిన పద్ధతి మార్చలేదు.

పోయిన జూలైలో, వెంట ఉంచుకున్న కుటుంబాల మీద సౌదీ ప్రభుత్వం వేసే లెవీ రెట్టింపైంది. నా జీతంతో ముగ్గురం ఉండడం కుదరదని తేలాక, శ్రీలతను, సృజనను ఊరికి పంపాను. సెప్టెంబరులో శ్రీలతకు జ్వరం వచ్చింది. రక్తకణాలు పడిపోయాయన్నారు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. దీని గురించి ఇంతకంటే రాయలేను.

కబురు విన్నాక సదానందం కూరగాయల బండి ఎక్కి బతాకు వచ్చాడు. ఇఖామా చూపించమని దారిలో ఎవరూ ఆపలేదు. ఇద్దరం అబ్దుల్ ఘనీ దగ్గరికి వెళ్లాం. కఫీల్ ఆఫీసులో కాయితాల పని చూసేది ఆయనే. కడపవాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"కూచోండి సార్. బాలన్న ఫోన్ చేసినాడు. చెప్పకుండానే తెలుసు నాకు, మీరు ఏం అడగడానికొచ్చినారో."

"ఒక్క వారానికి ఘనీ భాయ్. పోయి వచ్చేస్తాడు."

"సార్, మా సంస్థ గవర్నమెంటు లెక్కలో రెడ్డులో పడిండాది. చెప్పినంతమంది సౌదీలను పనిలో పెట్టుకోలేదు ఆయన. పైగా ఒక్కో మనిషికి కట్టాల్సిన లెవీ నిలబడిపోయింది. రెడ్డులో ఉంటే ఇఖామా రెన్యువల్ కాదు. ఇఖామా లేకుంటే రీఎంట్రీ రాదు."

"తిరిగి రాకుండా, ఫైనల్ ఎగ్జిట్ మీద?"

"దానికీ ఇఖామా బతికుండాల సార్."

సదానందం అప్పటిదాకా నేల చూస్తున్నాడు. "కఫీల్‌ను అడుగు భాయ్. నేను మాట్లాడ్త. కాళ్లు మొక్కుత."

"ఆయన లండన్‌లో ఉండాడు నాయనా. రెండు నెలలైంది నా ఫోన్ ఎత్తక. ఎత్తినా ఆయన చేతిలో లేదిప్పుడు. సిస్టంలో పేరు కొడితే ఎర్రగా వస్తుంది, అంతే. రేపు శుక్రవారం, ఎల్లుండి శనివారం, రెండూ సెలవులే. ఏ ఆఫీసు తలుపు కొట్టమంటావు చెప్పు, నేనే వచ్చి కొడతా." ఆయన ముందున్న కాయితాలు పక్కకు జరిపాడు. "నాకూ అక్కుంది. ఈ మాట నీకు చెప్పడం నాకు సులభమనుకోవద్దు."

బయటికి వచ్చాం. బతాలో గురువారం సాయంత్రపు రద్దీ మొదలైంది. సదానందం చేతిలోని ప్లాస్టిక్ కవరు నాకిచ్చాడు. లోపల పసుపుపచ్చ చీర, ఎర్రంచు.

"బతుకమ్మకు పంపుదామని కొన్న బావా. నువ్వు తీస్కపో. చెంచులక్ష్మి వదినె తల్లిగారి దిక్కే గద, ఆమెతోని కప్పియ్యి. నేను గుట్ట మీద ఉంట. ఫోన్ల చూపెట్టు. నేను చూస్తుండంగ కప్పితే నేను కప్పినట్టే."

సరే అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. శ్రీలతను వాకిట్లో అద్దాల పెట్టెలో ఉంచారు. సృజన నా చొక్కా పట్టుకుని వదల్లేదు. స్నానం చేయించి పసుపు రాశాక ఆడవాళ్లు అడిగారు, "తల్లిగారోళ్లేరి?"

నేను కవరులోంచి చీర తీశాను.

"నీ చేతితోని కప్పరాదు కొడుకా," అంది ముత్యవ్వ. "అది తల్లిగారోళ్ల చెయ్యి."

చెంచులక్ష్మి ముందుకొచ్చి చీర అందుకుంది. నేను సదానందానికి ఫోన్ కలిపాను. మొదటిసారికే కలిసింది. ఫోన్ సృజన చేతికిచ్చి, అమ్మ కనిపించేట్టు పట్టుకోమన్నాను.

సదానందం బెంచీ పక్కన నిలబడి ఉన్నాడు. తలస్నానం చేసి తెల్ల చొక్కా వేసుకున్నాడు. అతని వెనక పచ్చటి గడ్డి, రాతి గోడ, ఎండలో మెరుస్తున్న సన్నటి దారి. అలవాటుగా ఎప్పుడూ ఫోటో తీసుకునే వైపే నిలబడ్డాడు.

ముత్యవ్వ ఫోన్‌లోకి వంగి చూసింది. "ఎంత పచ్చగున్నదవ్వా. మన దగ్గర వానకాలంల గూడ గంత పచ్చగుండది."

"బెంచీలు గూడ ఉన్నయి," అన్నారెవరో.

"గసొంటి సల్లటి జాగ ఇడిసి రాబుద్ధి గాలేదేమో పోరనికి," అంది ముత్యవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. "ఒక్కతే అక్క. రెండు దినాలు రాకపోతడా మనిషి?"

"పెద్దమ్మా, వానికి కాయిదాలు లేవు. రానియ్యరు."

"నీకు రానిచ్చిండ్రు గద కొడుకా. ఒక్క ఊర్లనే ఉంటిరి ఇద్దరు. నువ్వు సారువు, వాన్ని ఎనకేసుకస్తవు."

ఎవరికి ఏది అర్థం కాకపోయినా అర్థమయ్యేదాకా చెప్పడం నా వృత్తి. రెడ్డు అంటే ఏమిటో, ఒక యజమాని లెక్క తప్పితే తోటమాలి కాళ్లకు సంకెళ్లు ఎలా పడతాయో, భార్య శవం పక్కన నిలబడి చెప్పడానికి నాకు ఒక్క వాక్యం దొరకలేదు. పైగా ఫోన్‌లో కనిపిస్తున్నది నా మాటకు ఎదురు సాక్ష్యంగా ఉంది.

అతనికి అన్నీ వినిపించాయి. "పెద్దమ్మా, ఇటు చూడు," అన్నాడు. "జర ఇటు చూడు."

బొమ్మ ఊగింది. అతను గోడ దగ్గరికి నడుస్తున్నాడని చప్పుడును బట్టి తెలిసింది. ఫోన్‌ను అటు తిప్పాడు. ఇసుకను, స్తంభాలను, తాను ఇన్నేళ్లూ పక్కకు జరుగుతూ దాచినదంతా చూపించాలనుకున్నాడు. కానీ ఎండకు ఎదురుగా తిప్పాడు. మాకు తెరంతా తెల్లగా కనిపించింది, ఇంకేమీ లేదు.

"ఏం కనవడ్తలేదు మామయ్యా," అంది సృజన.

"ఇటు చూడుండ్రి," అన్న మాట సగంలో తెగిపోయింది. గోడ దాటి దిగినట్టున్నాడు, అక్కడ సిగ్నల్ ఉండదు. తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

చెంచులక్ష్మి విప్పిన చీర రెండు చేతుల మీద పట్టుకుని ఆగింది. నేను మళ్లీ కలిపాను. మోగలేదు. మళ్లీ కలిపాను. పొద్దు వాలుతోందని మగవాళ్లు తొందరపెట్టారు. ముత్యవ్వ నా వైపు చూసింది. నేను తలూపాను. చీర కప్పారు.

పన్నెండో రోజు అయ్యాక, సృజనను పెద్దమ్మ దగ్గర ఉంచి రియాద్ వచ్చాను. శుక్రవారం మజ్రాకు వెళ్లాను. గుట్టకు పెట్టే నీళ్లు ఆపేశారట. గడ్డి అప్పటికే ఎండిపోయింది. ఆ ఎండు గడ్డి మధ్య దారి మాత్రం మునుపటిలాగే ఉంది. సదానందం ఆ దారినే దిగి వస్తున్నాడు.

"ఇంకా ఎందుకు నడుస్తున్నవు? ఎవరు నడువమన్నరు?"

"ఎవరనలె బావా. పొద్దుగూకితే కాళ్లు గిటే మల్లుతున్నయి."

ఇద్దరం పైకెక్కి బెంచీ మీద కూర్చున్నాం. సదానందం అడిగాడు.

"చీర మంచిగ కప్పిండ్రా?"

"కప్పిండ్రు. అంచు గదువ దాకా వచ్చింది."

తల ఆడించాడు. లేచి నిలబడ్డాడు.

"ఒక ఫోటో తియ్యి బావా. ఇసుక పడేటట్టు తియ్యి. స్తంభాలు గూడ రావాలె. ముత్యవ్వ పెద్దమ్మకు పంపుత."

గోడ దగ్గరికి వెళ్లి, దానికి ఆనుకుని, ఎండిన గడ్డి ముందు, ఇసుక వెనక వచ్చేలా నిలబడ్డాడు. అంతకుముందెప్పుడూ నిలబడని చోటు. తీశాను. పొద్దు గుంకుతున్న వేళ. ఫోన్ అతనికిచ్చాను.

తెరమీద ఎండిన గడ్డంతా కోతకొచ్చిన వరిచేనులా పండి ఉంది. ఇసుక బంగారు రంగులో చెరువులా పరుచుకుంది. స్తంభాలు దూరంగా తాటిచెట్లలా సన్నగా కనిపించాయి. వాటి మధ్యన తెల్ల చొక్కాలో సదానందం, తన పొలం గట్టున నిలబడ్డ రైతులా ఉన్నాడు.

అతను చాలాసేపు చూశాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు.

"ఇది గూడ మంచిగనే వచ్చింది," అన్నాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. "పంపకు బావా."

చీకటి పడకముందే దిగాలని కదిలాం. దారి ఒక్క మనిషికే సరిపోతుంది. అతను ముందు, నేను వెనక.