పలకని మడమ

మైత్రీవనంలోని ఆ కోచింగ్ సెంటర్ తాళం తీసేది రోజూ ఇమామ్ బీయే. బోర్డులు తుడిచి టీ పెట్టేసరికి పిల్లలు ఆమె ముందు వరస కట్టేవాళ్లు. చలికాలంలో ఆ వరస ఇంకాస్త పొడుగు. పొడిబారిన చర్మం ఏమంటుందో ఇమామ్ బీకి వినిపిస్తుంది మరి.

"గీ మోచేతులు రాత్రంతా మొత్తుకున్నయి బిడ్డా. మసిలే నీళ్లు పోసుకుంటున్నవా?" అనేది. పిల్ల తల దించుకునేది. "గోరువెచ్చనివి చాలు. సబ్బు కొంచెమే. తువ్వాలతో రుద్దకు, మెల్లగ అద్దుకో. ఒంటి మీద తడి ఉండంగనే కొబ్బరినూనె రాయి."

మేనేజరు వంశీధర్ కోరిందల్లా ఒకటే, మొదటి క్లాసు గంట కొట్టేలోపు ముగించమని.

లెక్కల మాస్టారు చలపతిరావుది తెనాలి. రోజుకి ఆరు గంటలు నిలబడే పాఠం చెప్తారు. పన్నెండేళ్లుగా షుగరు. మడమల పగుళ్లు దుప్పటి దారాలు పట్టి లాగేవి.

"సార్, మీ మడమలు గొణుగుతున్నయి" అని ఇమామ్ బీ రెండు చలికాలాలు చెప్పి చూసింది.

"లెక్కలు చెప్పేవాడికి మడమలతో పనేంటమ్మా" అని ఆయన నవ్వేసేవారు.

మూడో ఏడు ఆమె చెప్పలేదు. స్టాఫ్ రూములో స్టూలు వేసి, వాజిలీన్ డబ్బా, నూలు మేజోళ్ల జత పెట్టింది. "వేళ్ల సందుల్ల మాత్రం రాయొద్దు సార్, తడి నిలుస్తది" అంది. ఆయన మొహమాటంగానే కూర్చున్నారు. మూడు వారాలకి మడమలు దుప్పటి దారాలు పట్టడం మానేశాయి. నాలుగొందల మంది పిల్లల చేతులూ కాళ్లూ గుర్తుపెట్టుకునే ఆ మనిషిని చూస్తే, తన లెక్కలన్నీ తేలికైనవే అనిపించింది మాస్టారికి.

జనవరిలో మేనకోడలి పెళ్లికి ఊరెళ్లారు. నాలుగు రోజులు పందిట్లో వట్టి కాళ్లతో తిరిగారు. డబ్బా సంగతే మర్చిపోయారు. తిరిగొచ్చిన పొద్దున మోడల్ టెస్టు. పేపర్ల కట్టతో హడావిడిగా వెళ్తుంటే ఇమామ్ బీ అడ్డం నిలబడింది.

"సార్, జర ఆగుండ్రి. మీ ఎడమ మడమ పలుకుతలేదు."

"బాగుందనేగా అర్థం? నాకు నొప్పేం లేదమ్మా."

"బాగుంటే కూనిరాగం తీస్తది. గిది అస్సలు సప్పుడే చేస్తలేదు. నొప్పి లేదంటున్నరు, నాకు గదే ఫికర్."

ఆమె గొంతు తగ్గిపోయింది. ఆయన పేపర్లు వంశీధర్ చేతికిచ్చి మేజోడు విప్పారు. పగులులో చిన్న మేకు దిగి ఉంది. చుట్టూ చర్మం నల్లబడింది. షుగరుతో మొద్దుబారిన పాదం, ఆయనకి ఏమీ తెలియలేదు. పదిహేను నిమిషాల్లో ఆయనా ఇమామ్ బీ ఆటోలో సోమాజిగూడ ఆసుపత్రికి చేరారు.

"ఇంకో రెండు రోజులు ఆగితే పాదం దక్కేది కాదు" అంది డాక్టరు మంజూష. "ఎవరు కనిపెట్టారు?"

"మా ఇమామ్ బీకి వినబడలేదండీ" అన్నారు మాస్టారు.

డాక్టరు తలూపి, ఆ మాటే ఫైల్లో రాసుకుంది.

ఆపరేషనైన ఐదో రోజు ఇమామ్ బీ వచ్చింది. మంచం పక్కన కూర్చుని, కట్టు మీదికి వంగి చాలాసేపు చెవి పెట్టింది. మాస్టారు దిండు మీంచి తల ఎత్తారు.

"ఏమంటోందమ్మా?"

"తిడుతున్నది సార్. మిమ్మల్ని మస్తు తిడుతున్నది."

చలపతిరావు దిండులో మొహం దాచుకున్నారు. ఆయన భుజాలు కదులుతుంటే, ఇమామ్ బీ ఆ తిట్లన్నీ ఒక్కొక్కటే వినిపించసాగింది.