తల్లి నగలకి తాళం

ఆ ఏడాది గుడిలో తల్లి నగలు నీలవేణి ఇంటి వంతుకొచ్చాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళు కట్టుకున్న చిన్న గుడి అది. తల్లి వెండి కళ్ళు, బంగారు ముక్కెర, రెండు శతమానాలు ఏడాదికొకరింట్లో దాచి, పండగనాడు పొద్దున్నే పట్టుకెళ్ళి పెట్టాలి. ఇన్నాళ్ళూ అవి ఎవరింట్లో ఉన్నా బియ్యం డబ్బాలోనో, పట్టుచీర మడతల్లోనో ఉండేవి. నీలవేణి భర్త రమణమూర్తి గూడ్సు గార్డు, పైగా అనుమానం మనిషి. నగలొస్తున్నాయనగానే, అంకెలు నొక్కితే తెరుచుకునే ఇనప్పెట్టె తెచ్చి గోడకు బిగించాడు. ఇంట్లో బంగారం, డబ్బు కూడా అందులోకే చేర్చాడు. నంబరు మాత్రం పెళ్ళానికి చెప్పలేదు.

"నీకు సెప్తే దయాల్‌బంద్ బజారు దాకా తెలిసిపోద్ది" అన్నాడు.

పండగకి ముందురోజు, తెల్లారేసరికి దిగిపోతానంటూ బొగ్గుబండి మీద వెళ్ళాడు. తెల్లారింది, మనిషి దిగలేదు. కర్గీ రోడ్ స్టేషను దాటాక కొండల్లో ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగిపోయిందట. అక్కడ ఆయన సెల్‌ఫోను మోగదు. నంబరు లేకుండా పెట్టె తెరిచే తాళంచెవా, ఆయన వెంట తీసుకెళ్ళే డ్యూటీ పెట్టెలోనే ఉంది.

డప్పులు గుమ్మంలోకి వచ్చేశాయి. వెనకాలే గుడి పెద్ద అప్పలస్వామి.

"ఏటమ్మా, తల్లి కళ్ళు లేకుండా కూకుంది. తెస్తావా, తేవా?"

"నంబరు ఆయనకే తెలుసు బాబూ."

"అచ్ఛా! ఇంటి ఇల్లాలికి తెలీదంటే ఎవురు నమ్ముతారు? నగలున్నాయా, ఏ మార్వాడీ కొట్లోనైనా కూకున్నాయా?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నీలవేణి పెట్టె దగ్గరికి పరిగెత్తింది. పెళ్ళి తారీఖు నొక్కింది. ఎర్రదీపం వెలిగి పెట్టె కీచుమంది. పిల్లాడి పుట్టినరోజు నొక్కింది. మళ్ళీ కీచుమంది. మూడోసారి తప్పితే పెట్టె మొరాయిస్తుందని ఆయన అన్న మాట తలపుకొచ్చి వేళ్ళు ముడుచుకుంది.

"ఉండు వదినా" అన్నాడు పక్క క్వార్టర్ గిరిబాబు. అతను స్టేషన్లో పనిచేస్తాడు. బండి ఆగిన స్టేషన్లోని రైల్వే ఫోనుకి తన ఫోను కలిపి అందరికీ వినబడేలా పెట్టాడు. అక్కడి స్టేషన్ మాస్టరు ఫోను వాకీటాకీ దగ్గర పెట్టి, "మూర్తిజీ, భాభీజీ తిజోరీ నంబర్ మాంగ్ రహీ హై" అంటూ పెట్టె నంబరు అడిగాడు.

కాసేపు గరగర. తరవాత రమణమూర్తి గొంతు: "డ్రైవరు వింటన్నాడు. ఎలాగ సెప్పీది?"

"సెప్తావా, నీ పెళ్ళాన్ని దొంగని సేస్తావా?" అప్పలస్వామి అరిచాడు.

ఒక్కో అంకే పన్ను పీకినట్టు బయటికొచ్చింది. స్టేషన్ మాస్టరు వాటిని ఇంకోసారి గట్టిగా చదివాడు. పచ్చదీపం వెలిగింది. ఎర్రగుడ్డలో తల్లి కళ్ళు, ముక్కెర, శతమానాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నీలవేణి అక్కడే కూలబడి ఏడ్చేసింది.

తల్లికి నగలు పెట్టారు, ఊరేగింపు బయల్దేరింది. నాలుగు సందులు తిరిగారో లేదో, ఆవిడకి ఉన్నట్టుండి తట్టింది. నంబరు కాలనీ అంతా విన్నారు కదా! ఇల్లు చూస్తే ఖాళీ. ఇక తల్లి మొహం చూడనే లేదు, మనుషుల మొహాలే చూసింది. అప్పలస్వామి ఉన్నాడు. డప్పులవాళ్ళున్నారు. గిరిబాబు లేడు. అందరికన్నా దగ్గరగా నిలబడి విన్నది అతనే!

చెంగు నడుముకు దోపి, ఒక్క పరుగున ఇంటికొచ్చింది. వీధి తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని గిరిబాబు కూర్చునున్నాడు. చెమటకి చొక్కా వీపుకంటుకుపోయింది.

"ఏటి వదినా, అప్పుడే వచ్చీసినావు? నంబరు గాల్లో పోయింది కదా, అన్న దిగీదాకా ఎవురో ఒకరుండాలని కూకున్నాను. తల్లిని సూడలేదు, కళ్ళు బాగా కుదిరినాయా?"

నీలవేణి అతని మొహంలోకి చూడలేకపోయింది.

"దాహమేసి వచ్చాను" అంది. లోపలికెళ్ళి చెంబు నిండా నీళ్ళు తెచ్చి ముందు అతనికే ఇచ్చింది. "నువ్వెళ్ళి సూసి రా బాబూ. కుర్చీలో నేను కూకుంటాను."