రెండు తాళ్లు, ఒక బండి

ఇద్దరు లాగితే ఇద్దరి బలమూ కూడుతుందని లోకం నమ్మకం. సిమెంటు బస్తాల బండి బురదలో దిగబడింది, వాన ముంచుకొస్తోంది. ఒకరితో ఒకరికి మాటల్లేని అన్నదమ్ములు పక్కపక్కన నిలబడలేక, చెరో తాడుతో చెరో మూలకు, లంబకోణంలో లాగి లాగి డస్సిపోయారు.

వాళ్ల అక్క ప్రతి తాడుకూ, బండి కొక్కేనికీ ఒక్కో స్ప్రింగు త్రాసు తగిలించింది. అన్న తాడు నలభై కిలోలు, తమ్ముడిది ముప్పై చూపాయి. బండి దగ్గర యాభైయే.

“మిగతా ఇరవై ఏ గంగలో కలిసింది, అక్కా?” అన్నాడు తమ్ముడు.

“మీ ఎడమొహం పెడమొహంలో. ఒకే తాడు పట్టుకోండిరా!”

“వీడి పక్కనా?” అన్నాడు అన్న.

“నీ పంతం చూసి వాన ఆగదురా.”

ఇద్దరూ ఒకే తాడు పట్టారు. ముల్లు డెబ్బై దగ్గరికి వచ్చేసరికి బండి కదిలింది. వానకు ముందే బస్తాలు గోదాము చేరాయి. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.