ఎడమచేతి వేలిముద్ర

కోమలిని ఆఫీసు గదికి పిలిచేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. పొద్దున ఆరింటి నుంచి లైనులో నిలబడి మామిడికాయలు కోస్తూనే ఉంది. పాదాలు వాచిపోయాయి. సీజను ముమ్మరంగా ఉంది. చిత్తూరు చుట్టుపక్కల తోటల నుంచి వచ్చిన తోతాపురి కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా బారులు తీరాయి. పన్నెండు గంటల పని, నాలుగు వందల ఇరవై కూలి. దొడ్డికి పోవాలన్నా మేస్త్రీని అడిగే పోవాలి.

మొన్న ఇదే లైను చివర, గుజ్జు తీసే మిషన్లో పడి మునిరత్నమ్మ కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. టెంక అడ్డం పడి మిషను మూలిగింది. పని వేగం తగ్గుతోందని దాని ఇనుప మూతను సీజను మొదట్లోనే ఊడదీయించాడు మేస్త్రీ సుబ్రమణ్యం. "ఆపబాక మే! చెయ్యి పెట్టి లాగెయ్, బండ్లు నిలబడి ఉండాయి" అని అరిచిందీ అతనే. పక్కనే ఉన్న కోమలి ఆ మాటా విన్నది, వెంటనే మునిరత్నమ్మ పెట్టిన కేకా విన్నది. ఆమెను ఆటోలో ఎక్కించి పంపిన నలభై నిమిషాలకు మిషన్ను పైపుతో కడిగి మళ్లీ తిప్పారు.

ఈరోజు పొద్దున్నే దానికి మూత బిగించారు. లేబర్ ఆఫీసుకు ఎవరో ఫోను చేశారట. ఇన్స్పెక్టరు వస్తున్నాడు.

మేనేజరు ప్రతాప్ కోమలికి కుర్చీ చూపించాడు. ఆరేళ్లలో ఆ గదిలో ఆమెను కూర్చోమనడం ఇదే మొదలు. ఆమె కూర్చోలేదు.

"మునిరత్నమ్మ మొన్న పనికి రాలేదు. ఇంటి దగ్గర చెరకు మిషన్లో చెయ్యి పెట్టుకుంది. అంతే కదమ్మా?"

"ఈడే పోయినాయి గదా సార్ వేళ్లు. మీరూ వచ్చి సూసినారు."

"ఏమ్మే, ఆమె పేరు యాడుండాదో సూపించు" అంటూ సుబ్రమణ్యం తన హాజరు పుస్తకాన్ని బల్ల మీదికి విసిరాడు. మొన్నటి పేజీ నలగకుండా కొత్తగా ఉంది. మునిరత్నమ్మ పేరు లేదు.

ప్రతాప్ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "ఇంటి దగ్గరే జరిగిందని ఆమే రాసిచ్చింది. కంపెనీ జాలిపడి వాళ్లాయన సుందరరాజుకు నలభై వేలు ఇచ్చింది. నువ్వు సాక్షి సంతకం పెడితే చాలు. రేపటి నుంచి ప్యాకింగులో పర్మనెంటు. ఈఎస్ఐ కార్డు వస్తుంది. మీ నాయన ఆయాసానికి మందులు ఊరికే దొరుకుతాయి."

నెలకు మూడు వేలు ఆ మందులకే పోతాయి. కోమలి పెన్ను అందుకుంది. అబద్ధమని తెలిసే అందుకుంది. ఎక్కడ పెట్టాలా అని కాగితం కింది భాగం చూసింది.

అక్కడ నీలిరంగు వేలిముద్ర ఉంది. ఎడమచేతి బొటనవేలిది. దాని పక్కన మొన్నటి తేదీ.

మొన్న ఆస్పత్రిలో మునిరత్నమ్మకు మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. నిన్న పొద్దుటి దాకా ఆమెకు తెలివి రాలేదు. కళ్లు తెరిచాక, చూడబోయిన కోమలిని ఆమె అడిగిన మొదటి మాట, "నా వేళ్లు యాడ పారేసినారు కోమలీ?"

"అక్క తెలివిలో లేదే సార్! ఈ వేలు ఎవురు పట్టుకోని వత్తినారు?"

"కట్టుకున్న మొగుడే వత్తించినాడు, నీకేంటికి నొప్పి?" సుబ్రమణ్యం దగ్గరికొచ్చాడు. "మీ ఊరోళ్లు ఇరవై మందుండారు ఈడ. రేప్పొద్దున పనికొచ్చే ఆటో ఎక్కబాకండని చెప్పేదానికి నాకొక ఫోను చాలు."

కోమలి ఆ కాగితం వంక మళ్లీ చూసింది. ఆ ఇరవై మందీ తనను తిట్టుకుంటారు. నలభై వేలు పోతాయని సుందరరాజు అయితే ఇంటి మీదికే వస్తాడు. అయినా ఆ నీలి ముద్ర పక్కన తన పేరు రాయడానికి చెయ్యి ఆడలేదు. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నేను పెట్టను సార్."

బయట జీపు ఆగింది. ఇన్స్పెక్టరు లోపలికొచ్చి, వాళ్లిచ్చిన మామిడి రసం తాగి, ఫైలు తెరిచాడు. "చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఆ రోజు ఆమె పనికే రాలేదు సార్" అన్నాడు ప్రతాప్.

"వచ్చింది సార్." కోమలి బల్ల దగ్గరికి జరిగింది. "నా పక్కనే నిలబడి ఉండింది. మిషనుకు మూత లేదు. ఆపబాకని ఈ మేస్త్రీ అరిచినాడు. నేను సూసినాను."

ఇన్స్పెక్టరు తలెత్తి చూశాడు. "నీ పేరేంటమ్మా?"

"కోమలి."

ప్రతాప్ తొణకలేదు. కంపెనీ రిజిస్టరు తెచ్చి ఆయన ముందు తెరిచాడు. "చూడండి సార్. ఈ పేరుతో మా దగ్గర ఎవరూ పని చేయడం లేదు. ఎవరో బయటి మనిషి."

కోమలి వంగి చూసింది. ఆ పేజీలో ఆఫీసువాళ్ల పేర్లు, డ్రైవర్ల పేర్లు ఉన్నాయి. లైనులో నిలబడే ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఆరేళ్లుగా తన బతుకు మేస్త్రీ చంకలోని పుస్తకంలోనే ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆమె రెండు చేతులూ రిజిస్టరు మీద పెట్టింది. మోచేతుల దాకా పచ్చటి గుజ్జు ఎండిపోయి ఉంది. వేళ్ల సందుల్లో మాత్రం ఇంకా తడిగానే ఉంది.

"అయితే ఈ చేతులు ఎవురియి సార్?"

"చెయ్యి తియ్ మే!" సుబ్రమణ్యం అరిచాడు.

ఇన్స్పెక్టరు పెన్ను మూత తీశాడు. ప్రతాప్ వంక ఒకసారి చూశాడు. ఇంకా ఏమీ రాయలేదు. కోమలి చేతులు తీయలేదు.