సరంగు చొక్కా చెయ్యి

బైండరుకు తన బావంటే ప్రాణం. కానీ సరంగు మాట వచ్చిందంటే చాలు, ఇద్దరూ కోడిపుంజులే! సరంగెవరంటారా? కెప్టెనమ్మ సాహసాల బొమ్మల కథల్లో, ఆవిడ ఓడ నడిపే ముసలాడు. మొత్తం ఇరవై నాలుగు సంచికలు. విడివిడిగా కొన్నది బావ, అన్నీ కలిపి కుట్టింది బైండరు. పని నేర్చుకున్నాక సొంతంగా కుట్టిన తొలి పుస్తకం అదే. దాని గురించి ఆయన కొట్టుకోని డబ్బా లేదు. "ముప్పై ఏళ్లయింది, ఒక్క దారం ఊడిందేమో చూడండి!" అని, బావనడిగి షాపులోనే ఉంచుకుని, వచ్చిన ప్రతివాడి ముందూ పెట్టేవాడు.

గొడవంతా పందొమ్మిదో సంచిక దగ్గరే. సరంగు తాడు కోసేస్తాడు, కెప్టెనమ్మ ఎక్కిన పడవ తుపానులోకి కొట్టుకుపోతుంది. పేజీ తిప్పితే ఓడదొంగలు అతని చేతిలో బంగారం సంచీ పెడుతుంటారు. ఆ తర్వాత సరంగు మళ్లీ కథలో కనబడడు. వాడు ద్రోహి అని బైండరు, నిఖార్సైన మనిషని బావ. "అయితే ఏదీ, పుస్తకంలో చూపించు!" అని బైండరు సవాలు చేసేవాడు. బావ మాట మార్చేవాడు. కిందటేడు మాటా మాటా పెరిగి, "మనుషుల్ని అంచనా కట్టడం నీకు చేతకాదు బావా" అని బైండరు నోరు జారాడు. బావ లేచి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. పైకి బింకమే గాని, బైండరుకు బావ రాని ఆదివారాలు గడవడం లేదు.

ఇంతలో అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ కళ్లకు ఆపరేషనైంది. పది రోజులు కట్టు విప్పకూడదంట. ఊరికే కూర్చోలేక నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆ బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి చదివిపెట్టు."

బైండరు షాపు మూసి పరిగెత్తాడు.

"బొమ్మలు కూడా చెప్పాలి. నాకు కనబడదు కదా," అన్నాడు బావ, ముభావంగా.

చెప్పాడు. అలలు, ఫిరంగులు, దొంగల నాయకుడి బంగారు పన్ను, ఏదీ వదల్లేదు. కెప్టెనమ్మకు సన్న గొంతు, దొంగలకు బొంగురు గొంతు. రెండో రోజుకు బావ ముభావం కరిగింది. మూడో రోజుకు అక్క కూడా పొయ్యి ఆర్పేసి వచ్చి కూర్చుంది. ముగ్గురూ పడీపడీ నవ్వారు. పందొమ్మిదో సంచిక మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఎనిమిదో రోజు అది రానే వచ్చింది.

"సరంగు తాడు కోస్తున్నాడు. పెనుగులాటలో చొక్కా కుడి చెయ్యి భుజం దాకా చిరిగింది." బైండరు పేజీ తిప్పాడు. "దొంగలు బంగారం ఇస్తున్నారు. సరంగు కుడి చెయ్యి చాపాడు. చొక్కా చెయ్యి..."

ఆగిపోయాడు. చొక్కా చెయ్యి నిక్షేపంగా ఉంది.

ఇప్పుడే చిరిగిన చొక్కా పేజీ తిప్పేలోగా ఎలా అతుక్కుంది? వేలితో కుట్టు తడిమాడు. సంచికకు సరిగ్గా నడిమి కాగితం. పిన్నులు పీకి కుట్టేటప్పుడు ఆ ఒక్క కాగితాన్నీ తిరగేసి మడిచాడు! ముందు పేజీలు వెనక్కి, వెనక పేజీలు ముందుకి వెళ్లిపోయాయి. పేజీ నెంబర్లు చూద్దామంటే, అంచులు నున్నగా రావాలన్న ఆత్రంలో వాటినీ కత్తిరించేశాడాయె. అంటే ముందు బంగారం, తర్వాత తాడు. సరంగు బంగారం పుచ్చుకుని దొంగలను నమ్మించాడు. ఆనక తాడు కోసి కెప్టెనమ్మను వాళ్ల చేతికి చిక్కకుండా తప్పించాడు.

బైండరు తలెత్తి చూశాడు. బావ కళ్లకు కట్టుంది. చెయ్యి చిరిగే ఉందని చదివేస్తే అడిగే నాథుడు లేడు. తొలి పుస్తకం పరువు దక్కుతుంది.

"ఏంరా, ఆపేశావ్?" అంది అక్క.

"బావా," అన్నాడు బైండరు. "తప్పు నాదే. నడిమి కాగితం తిరగేసి కుట్టాను. సరంగు మంచోడే."

"హమ్మయ్య!" అన్నాడు బావ.

"నీకు తెలుసా?"

"కుట్టకముందు చదివినవాణ్ణి, తెలీకుండా ఎలా ఉంటుందిరా?"

"మరి ముప్పై ఏళ్లూ నా చేత తిట్లు తింటూ ఎందుకు ఊరుకున్నావ్?"

"పుస్తకం నా చేతిలో పెట్టిన రోజు నీ మొహం చూశాను. అంత సంతోషం పాడుచెయ్యబుద్ధి కాలేదు."

బైండరు భోరుమన్నాడు. బావ గడ్డం కూడా వణికింది.

"కట్టు తడిసిందంటే డాక్టరు నన్ను చంపేస్తాడు! ఏడుపులాపండి ఇద్దరూ," అని అక్క కేకలేసింది, పమిటతో తన కళ్లు ఒత్తుకుంటూనే.

"ఇప్పుడే దారం విప్పి సరిచేస్తాను," అని బైండరు కత్తెర కోసం లేచాడు.

"నా పుస్తకం జోలికొచ్చావో, ఊరుకోను! అలాగే ఉండనీ. ఇరవయ్యోది చదువు."

బైండరు ముక్కు తుడుచుకుని, కెప్టెనమ్మ సన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.